తేలు కొండి, రాచపుండు: అయాను మార్గముల చరిత్ర

చిత్తూరు, తిరుపతి ప్రాంతపు పల్లెలలో రాళ్ల కట్టవ కదలించువారును, పిడకల గూటిలో చేయి పెట్టువారును, వేరుసెనగ కట్టె మోయువారును మొట్టమొదట చూచుకొనునది తేలునే. ఈ సీమలో రెండు రకముల తేళ్లు జనులకు బాగుగా తెలిసినవి. ఒకటి నల్లగా నిగనిగలాడుచు అరచేతి నిండుగా నుండు మండ్రగబ్బ. రెండవది రెండు మూడంగుళములు మించని ఎర్రతేలు. చూచుటకు మండ్రగబ్బయే భయంకరము. కాని అది కుట్టిన బాధ సాధారణముగా నొప్పితోనే పోవును. ప్రాణము తీయగలది చిన్నదైన ఎర్రతేలు. దీనిని 1798లో ఫాబ్రీషియసు అను డెన్మార్కు శాస్త్రజ్ఞుడు వర్ణించెను. నేడు దానిని హోటెంటొట్టా టామ్యులసు అందురు. పాత గ్రంథములలో బ్యూథసు టామ్యులసు అను పేరు కనబడును.

ఈ తేళ్లకును, మన పెద్దలు రాచపుండని పిలిచిన కాన్సరు వ్యాధికిని ఏమి సంబంధము? పేరులోనే ఒక చుట్టరికము కలదు. కాన్సరు అను లాటిను మాటకు ఎండ్రకాయ యని అర్థము. జంతుశాస్త్రమున ఎండ్రకాయయు తేలును కీళ్లకాళ్ల జంతువుల వర్గమునకు చెందిన దాయాదులే. కాని మనకు కావలసినది ఈ మాటల చుట్టరికము కాదు. తేలు విషము పనిచేయు చోటును, కాన్సరు కణము దారి తప్పు చోట్లలో ఒకటియు ఒక్కటే యని గడచిన నలువది సంవత్సరములలో తెలిసినది. ఆ చోటు జీవకణపు పొరలోని అతి సూక్ష్మములైన వాకిళ్లు. వాటికే అయాను మార్గములని పేరు.

కుళాయి నీటి పాఠము

ఈ చరిత్ర లండనులోని ఒక కుళాయితో మొదలగును. 1880 తరువాతి సంవత్సరములలో సిడ్నీ రింగరు అను వైద్యుడు కప్పగుండెను దేహము నుండి వేరుచేసి, ఉప్పునీటిలో ఉంచి, అది ఎంతసేపు కొట్టుకొనునో పరీక్షించుచుండెను. కుళాయి నీటితో చేసిన ఉప్పునీటిలో గుండె చక్కగా కొట్టుకొనెను. బట్టీపట్టిన శుద్ధజలముతో చేసిన ఉప్పునీటిలో మాత్రము కొంతసేపటికే నిలిచిపోయెను. కుళాయి నీటిలో ఉండి శుద్ధజలములో లేనిది ఏమి? విచారింపగా అది కాల్సియమని తేలెను. 1883లో రింగరు ఈ సంగతిని ప్రకటించెను. కంటికి కనబడని లవణాంశములు గుండెను నడపునని ఆనాడే తెలిసినది.

లవణము నీటిలో కరగినపుడు విద్యుదావేశముగల కణికలుగా విడిపోవును. వీటినే అయానులందురు. సోడియము, పొటాసియము, కాల్సియము అయానులు ధనావేశము కలవి. క్లోరైడు అయాను ఋణావేశము కలది. మన దేహములోని ప్రతి జీవకణములోను పొటాసియము బయటికంటె లోపల సుమారు 30 రెట్లు అధికము. సోడియము ఇందుకు మారుగా బయట సుమారు 10 రెట్లు అధికము. కాల్సియమైతే బయట సుమారు 10,000 రెట్లు అధికము. ఈ తేడాల ఫలితముగా పొరకు ఇరువైపుల విద్యుత్పీడనము ఏర్పడును. నాడీకణములో ఇది సుమారు 70 మిల్లీవోల్టులు. లోపలి వైపు ఋణము.

డెబ్బది మిల్లీవోల్టులనగా టార్చిలైటు బ్యాటరీలో ఇరువదవ వంతు మాత్రమే గదా యని విద్యార్థులు తలపవచ్చును. కాని కణపు పొర మందము సుమారు 7 నానోమీటరులు మాత్రమే. ఒక మీటరునకు లెక్క కట్టిన ఇది కోటి వోల్టులగును. ఇట్టి బలమైన విద్యుత్‌క్షేత్రము మన దేహములోని ప్రతి కణపు పొరను ఎల్లవేళల అంటిపెట్టుకొని యున్నది.

పొర కొవ్వుపదార్థముతో చేయబడినది కావున అయానులు దానిని దాటజాలవు. అవి లోపలికి, బయటికి పోవలెనన్న వేరే వాకిళ్లు ఉండవలెను. 1952లో ఇంగ్లండులో హాడ్జికిను, హక్స్లీ అను ఇరువురు శాస్త్రజ్ఞులు స్క్విడు అను సముద్రజీవి యొక్క లావైన నాడీతంతువును పరీక్షించి, నాడిలో సంకేతము ఎట్లు పోవునో గణితముతో సహా వివరించిరి. మొదట సోడియము లోపలికి దూకును. వెంటనే పొటాసియము బయటికి పోవును. ఈ కృషికి వారికి 1963లో నోబెలు బహుమానము లభించినది. అయితే ఆ వాకిళ్లు ఎట్టివో వారికిని తెలియదు. లెక్కలు చెప్పినవి గాని, వస్తువు చేతికి చిక్కలేదు.

తిరుపతిలో మండ్రగబ్బ

సరిగా ఈ కాలముననే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లో నెలకొనెను. అందలి జంతుశాస్త్ర శాఖలో ఆచార్య కె. పంపాపతిరావు శరీరధర్మశాస్త్ర పరిశోధనకు పునాది వేసెను. అంతకుముందు ఆయన అమెరికాలో బుల్లకు అను ప్రసిద్ధ నాడీశాస్త్రజ్ఞునితో కలసి శీతలరక్త జంతువులను గురించి వ్రాసిన వ్యాసము 1954లోనే వెలువడెను.

విదేశములలో స్క్విడు చేసిన పనిని తిరుపతిలో ఏ జంతువు చేయవలెను? చుట్టుపట్ల రాళ్లక్రింద దొరకు మండ్రగబ్బయే అందుకు తగినదయ్యెను. ఆనాటి వ్యాసములలో దాని పేరు హెటెరోమెట్రసు ఫల్విపెసు. దాని పొట్టక్రింది నాడీదండమునకు సన్నని తీగలు తాకించి, అందు పుట్టు విద్యుత్తును ఆసిలోస్కోపు తెరపై చూచి అధ్యయనము చేసిరి. ఈ తేలు నాడీవ్యవస్థను గురించిన పంపాపతిరావు వ్యాసము 1964లో వెలువడెను. 1966లో దాని కీళ్లలోని స్పర్శాంగముల విద్యుత్సంకేతములను గురించి ఇంగ్లండు పత్రికయైన నేచరులో మరియొక వ్యాసము వచ్చెను. తేలు రాత్రించరము గదా, దాని రక్తములోని చక్కెర, కండరములలోని ఎంజైములు, నాడుల చురుకుదనము పగటికిని రాత్రికిని ఎట్లు మారునో కూడ ఈ శాఖవారు పరిశీలించిరి.

ఈ పరిశోధనలకును కాన్సరునకును నేరుగా సంబంధము లేదు. అయినను ఒక సంగతి గమనింపదగినది. తెరపై వారు చూచిన ప్రతి విద్యుత్తరంగమును వేలకొలది అయాను మార్గములు ఒక్కమారుగా తెరచుకొనుటవలన పుట్టినదే. కనబడని వాకిళ్ల చప్పుడును తిరుపతి పరిశోధకులు ఆనాడే విన్నారని చెప్పవచ్చును.

ఒక్కొక్క వాకిలిని విడిగా పట్టుకొనుటకు మరి పదేండ్లు పట్టెను. 1976లో జర్మనీలో నెహరు, సాక్మను అనువారు మొన సన్నని గాజుగొట్టమును కణపు పొరకు అద్ది, ఒకే మార్గము తెరచుకొని మూసుకొనునపుడు ప్రవహించు విద్యుత్తును కొలిచిరి. అది ఆంపియరులో లక్షకోట్లవ వంతు లెక్కలో నుండును. వాకిలి తెరచియున్న కొలదికాలములోనే అయానులు సెకనుకు కోటికి తక్కువ కాని వేగముతో దూసుకొనిపోవునని తెలిసినది. వారికి 1991లో నోబెలు బహుమానము వచ్చినది.

విషమే తాళపుచెవి

వాకిలి ఉన్నదని తెలిసిన తరువాత దాని ఆకారము తెలియవలెను. అందుకు తోడ్పడినది తేలు విషము. ఈ విషము ఒకే పదార్థము కాదు. అనేకములైన చిన్న మాంసకృత్తుల మిశ్రమము. వీటిలో కొన్ని సోడియము మార్గమును మూసుకొననీయక పట్టుకొనును. తలుపు మూయక గడప వద్ద రాయి పెట్టినట్లుగా నుండును. దానివలన నాడులు ఆగక సంకేతములు పంపును. ఎర్రతేలు కుట్టినవానికి చెమటలు కారుట, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడుట, రక్తపుపోటు పెరిగి తుదకు ఊపిరితిత్తులలో నీరు చేరుట ఇందువలననే. మరికొన్ని విషాంశములు పొటాసియము మార్గమునకు బిరడావలె అడ్డుపడును.

ఎర్రతేలు విషమునకు చికిత్స మన దేశములోనే రూపొందెను. మహారాష్ట్రములోని మహాడు అను ఊరిలో పనిచేసిన వైద్యుడు హిమ్మత్‌రావు బవాస్కరు, రక్తనాళములను సడలించు ప్రాజోసిను అను మందును 1980 దశకములో ఇందుకు వాడెను. అంతకుముందు ఆ ప్రాంతమున తీవ్రముగా విషమెక్కినవారిలో నూటికి 25 నుండి 30 మంది మరణించుచుండిరి. ఆ తరువాత మరణములు నూటికి ఒకటి కంటె తగ్గినవి. ఆయనకు 2022లో పద్మశ్రీ ప్రకటింపబడినది. మంత్రగానికై వెదకుచు గడియలు పోగొట్టక, కుట్టినవానిని, ముఖ్యముగా పిల్లలను, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెనను పాఠము పాఠశాలలలో చెప్పదగినది.

పశ్చిమాసియాలోని ఒక పసుపుపచ్చ తేలు విషము నుండి కారిబ్డోటాక్సిను అను పదార్థమును 1985లో వేరుచేసిరి. ఇది పొటాసియము మార్గపు నోటికి అచ్చుగా సరిపోవును. తాళపుచెవిని చూచి తాళపు కన్నము ఎట్లుండునో ఊహించినట్లు, ఈ విషము అంటుకొను చోటును బట్టి రాడెరిక్ మెకినను మార్గపు ద్వారము మాంసకృత్తులో ఎచట నున్నదో నిర్ణయించెను. 1998లో ఆయన ఎక్సుకిరణములతో ఒక పొటాసియము మార్గపు పూర్తి రూపమును చూపి, 2003లో నోబెలు బహుమానము పొందెను.

1990లో మన ఎర్రతేలు వంతు వచ్చెను. బ్యూథసు టామ్యులసు విషము నుండి 37 ఎమినో ఆమ్లములుగల ఐబీరియోటాక్సిను అను మాంసకృత్తును అమెరికాలో శుద్ధిచేసిరి. కాల్సియము పెరిగినపుడు తెరచుకొను ఒక పెద్ద పొటాసియము మార్గమును ఇది మాత్రమే ఎంచి మూయును. ఈ కారణముచేత ఆ మార్గమును పరీక్షించు పరిశోధనాగారములు ప్రపంచమంతట దీనిని వాడుకలోనికి తెచ్చినవి. మన కట్టవలలోని తేలు పేరు ఇట్లు శాస్త్రగ్రంథములలో స్థిరపడినది.

దారి తప్పిన కణము

నాడులకు, కండరములకు విద్యుత్తు కావలెను. కాని చర్మము, రొమ్ము, ప్రేవు మొదలగువాని కణములకు అయాను మార్గములతో ఏమి పని? ఈ ప్రశ్నకు 1971లో క్లారెన్సు కోను ఒక సమాధానము సూచించెను. విభజన మానిన కణములలో పొరపై విద్యుత్పీడనము ఎక్కువ. త్వరత్వరగా విభజన చెందు కణములలో అది తక్కువ. కాన్సరు కణములు ఈ రెండవ జాతికి చెందినవి. విద్యుత్పీడనము తగ్గుటయే విభజనకు అనుమతి యిచ్చునేమోయని ఆయన భావము. ఆనాడు దీనిని పలువురు పట్టించుకొనలేదు.

1984లో అమెరికాలో డికోర్సీ, చాండీ, గుప్తా, కహలాను అనువారు మానవుని రక్తములోని తెల్లకణములలో పొటాసియము మార్గములున్నవని, వాటిని మూసినచో ఆ కణములు వృద్ధిపొందవని చూపిరి. కణవృద్ధికి అయాను వాకిళ్లు అవసరమని ఇట్లు ప్రయోగపూర్వకముగా తెలిసినది.

1995లో లండనులో జాంగోజు, ఆయన సహచరులు ఎలుకల ప్రోస్టేటు కాన్సరు కణములలో రెండు తెగలను పోల్చిరి. దేహమంతట పాకునట్టి తెగలో నాడీకణములకుండు సోడియము మార్గములు కనబడెను. పాకని తెగలో కనబడలేదు. ఆ మార్గములను మూయు విషమును చేర్చగా పాకుడు సుమారు మూడవ వంతు తగ్గెను. 1999లో జర్మనీలోని గోటింగెనులో పార్డో, స్టూమరు మరియొక అడుగు వేసిరి. సాధారణముగా మెదడులో మాత్రమే ఉండు ఒక పొటాసియము మార్గమును ఇతర కణములలో పుట్టింపగా, అవి ఎలుకలలో కంతులుగా పెరిగెను.

వాకిలి చెడినంత మాత్రమున కాన్సరు ఎట్లు బలపడును? మూడు దారులు ముఖ్యమైనవి. మొదటిది, కాల్సియము కణమునకు వార్తాహరుడు. విభజింపుమని చెప్పు సంకేతములు దానిద్వారా నడచును. పొటాసియము బయటికి పోయిన కొలది కాల్సియమును లోపలికి లాగు విద్యుద్బలము హెచ్చును. రెండవది, పొటాసియము, క్లోరైడు బయటికి పోవునపుడు వాటివెంట నీరును పోయి కణము ముడుచుకొనును. ఇట్లు ముడుచుకొని కణజాలపు ఇరుకు సందులలో దూరి పోగలదు. మూడవది, లోపలికి వచ్చు సోడియము ఆమ్లమును బయటికి నెట్టుటకు తోడ్పడును. ఆ ఆమ్లములో చురుకెక్కు ఎంజైములు చుట్టునున్న కణజాలమును కరగించి దారి చేయును. కాన్సరునకు మూలకారణము జన్యువులలోని మార్పులే. అయాను మార్గములు ఆ మార్పులకు చేతులు, కాళ్లు వంటివి.

తేలు విషమంటిన దొంగ

మెదడులో పుట్టు గ్లయోమా అను కంతిని శస్త్రచికిత్సతో పూర్తిగా తొలగించుట మిక్కిలి కష్టము. దాని కణములు ముడుచుకొని మంచి కణజాలములో దూరియుండును. 1993లో కారిబ్డోటాక్సినునిచ్చిన తేలు నుండియే 36 ఎమినో ఆమ్లముల క్లోరోటాక్సిను వేరుచేయబడెను. అది గ్లయోమా కణములకు అంటుకొనునని, మామూలు మెదడు కణములకు అంతగా అంటదని అలబామాలో సాంథైమరు, ఆయన సహచరులు 1998 నాటికి చూపిరి. మొదట ఇది క్లోరైడు మార్గముతోనే నేరుగా కలియునని తలచిరి. తరువాత కణము వెలుపల కణజాలమును కరగించు ఒక ఎంజైముతో గూడ సంబంధము కలదని తెలిసెను.

ఈ విషాంశమునకు రేడియో అయోడిను జోడించి, గ్లయోమా తిరుగబెట్టిన 18 మంది రోగులకిచ్చిన ప్రథమ పరీక్ష 2006లో వెలువడెను. దానిని రోగులు తట్టుకొనగలిగిరి. కాని అది వాడుకలోని మందు కాలేదు. 2007లో అమెరికాలోని సియాటిల్ నగరమున దానికి వెలుగునిచ్చు రంగును చేర్చి, ఎలుకలలోని కంతులను మెరయునట్లు చేసిరి. శస్త్రవైద్యుడు ఏది కోయవలెనో, ఏది విడువవలెనో కంటితో చూచుటకు ఇది ఉద్దేశింపబడినది. తేలు కుట్టిన దొంగ కిక్కురుమనడని మన సామెత. ఇచట తేలు విషమంటిన దొంగ తానే వెలుగుచు పట్టుబడును.

అయితే అయాను మార్గములపై మందులు ప్రయోగించుటలో ఒక పెద్ద చిక్కు కలదు. కాన్సరు కణములోని వాకిళ్ల వంటివే గుండెలోను, మెదడులోను ఉన్నవి. ఉదాహరణమునకు హెర్గు అను పొటాసియము మార్గము పలు కాన్సరులలో కనబడును. కాని గుండె లయను కాపాడునదియు అదియే. దానిని మూసిన మందు గుండెను ఆపవచ్చును. దొంగ ఇంటికి వేయు తాళము మన ఇంటికి పడకుండ చూచుకొనుటయే ఈ రంగములోని అసలు కష్టము.

చవకయైన ఒక మందు

ఈ చిక్కునకు ఒక దారి ఊహింపని చోట దొరకినది. స్వీడనులో లోఫ్‌గ్రెను 1943లో తయారుచేసిన లిగ్నొకైను అను తిమ్మిరి మందు ప్రతి ఆసుపత్రిలోను ఉండును. పన్ను తీయుటకు, గాయము కుట్టుటకు దీనినే వాడుదురు. తేలు కుట్టినచోట నొప్పి తగ్గుటకు వైద్యులు దీనినే సూదిద్వారా ఎక్కింతురు. ఇది సోడియము మార్గమును మూయును. విషము తెరచిన తలుపును మందు మూయునన్న మాట.

రొమ్ము కాన్సరు కణములలోను సోడియము మార్గములు కలవు. కంతిని కోయు సమయమున కొన్ని కణములు కదలి రక్తములో చేరు అపాయము కలదు. కోతకు ముందు కంతి చుట్టును ఈ మందు ఎక్కించినచో? బొంబాయిలోని టాటా స్మారక ఆసుపత్రికి చెందిన రాజేంద్ర బడ్వే నాయకత్వమున మన దేశములోని 11 ఆసుపత్రులలో 1,600 మంది స్త్రీలపై ఈ పరీక్ష జరిగెను. ఫలితము 2023లో ప్రకటింపబడెను. శస్త్రచికిత్సకు 7 నుండి 10 నిమిషముల ముందు మందు పొందినవారిలో 5 ఏండ్ల తరువాత నూటికి 90.1 మంది జీవించియుండిరి. పొందనివారిలో 86.4 మంది. వ్యాధి తిరుగబెట్టక జీవించినవారు వరుసగా 86.6, 82.6 మంది.

నూటికి నలుగురు అనునది చిన్న అంకెగా తోచవచ్చును. కాని ఖర్చు స్వల్పము, మందు పాతది, సూది ఒక్కటి. ఏ మారుమూల శస్త్రచికిత్సాలయములో నైనను చేయదగినది. లిగ్నొకైను ఇతర విధములుగా గూడ పనిచేయవచ్చును గనుక ఈ ఫలమంతయు సోడియము మార్గమువలననే కలిగినదని ఈ పరీక్ష నిరూపించలేదు. ఒక పరీక్షను మరి కొన్ని పరీక్షలు బలపరచుట శాస్త్రపద్ధతి.

తిరుపతిలో టాటా ట్రస్టుల పూనికతో శ్రీ వేంకటేశ్వర కాన్సరు చికిత్సా పరిశోధనా సంస్థ 2022 మే నెలలో ప్రారంభమైనది. మండ్రగబ్బ నాడిని విన్న విశ్వవిద్యాలయమును, కాన్సరు రోగిని ఆదుకొను ఆసుపత్రియు నేడు ఒకే పట్టణములో నున్నవి. ఈ రెండింటి నడుమ నడువవలసిన దారి నేటి విద్యార్థులది.

ఇంత చెప్పిన పిమ్మట ఒక హెచ్చరిక అవసరము. తేలు విషము కాన్సరుకు మందని అమ్మువారి మాట నమ్మరాదు. విషములోని ఒక అంశమును వేరుచేసి, తూచి, జంతువులపై పరీక్షించి, మనుష్యులపై జాగ్రత్తగా ప్రయోగించుటకు ముప్పది సంవత్సరములు పట్టినను అది ఇంకను ఔషధము కాలేదు. తేలు మనకిచ్చినది మందు కాదు, తెలివి. కణపు పొరలో వాకిళ్లున్నవని, అవి ఎట్లు తెరచుకొనునో, ఎట్లు మూయవచ్చునో తెలియుటకు దాని కొండియే మనకు తాళపుచెవి యైనది. రొమ్ములో గడ్డ కనబడిన తల్లిని, మానని పుండుతో బాధపడు తండ్రిని ఆలస్యము చేయక వైద్యునికడకు పంపుట నేటికిని అన్నిటికంటె గొప్ప చికిత్స.